మునిగే భూఫలకానికీ మాంటిల్‌కూ మధ్య ఏం జరుగుతుంది?

క్లుప్తంగా: ములుగు భూకంపం తర్వాత చాలామంది అనుమానించినట్టు తెలంగాణ కింద ఇప్పుడు ఏ భూఫలకమూ (భూమి పైభాగాన్ని కప్పిన భారీ శిలాపలకల్లో ఏదీ) మునగడం లేదు. అయినా గోదావరి లోయలోని పాత పగుళ్ల మీద పడే ఒత్తిడికి మూలం దూరాన సుమత్రా, జావా అంచుల్లో దిగుతున్న ఫలకం బరువులోనూ, హిమాలయాల దగ్గర ఎదురవుతున్న అడ్డంకిలోనూ ఉంది. మాంటిల్ అంటే భూమి పై పొర అయిన పటలానికీ, నడిమి కేంద్రమండలానికీ మధ్య ఉన్న మందపాటి రాతి పొర. దాని ప్రవాహాలు ఫలకాలను తెప్పల్లా మోసుకుపోతాయన్న పాఠ్యపుస్తకాల బొమ్మ సగమే నిజం. చల్లబడి బరువెక్కిన ఫలకమే దిగుతూ మాంటిల్‌ను కదిలిస్తుంది. మాంటిల్ దానికి ఎదురునిలిచి వంచుతుంది, నెమ్మదింపజేస్తుంది, కొన్నిచోట్ల తెంచుతుంది.

2024 డిసెంబర్ 4 ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. వరంగల్, ఖమ్మం మొదలుకొని హైదరాబాద్ దాకా కొన్ని క్షణాల పాటు ఆ కదలిక తెలిసింది. ఆ తర్వాత చాలామంది మనసులో రెండు సంగతులు కలగలిసిపోయాయి. ఒకటి బడిలో చదువుకున్న పాఠం: ఒక ఫలకం మరొకదాని కిందికి దిగే చోట భూకంపాలు వస్తాయి. రెండోది అదే ఏడాది మొదట్లో ఫోన్లలో విస్తృతంగా తిరిగిన వార్త: టిబెట్ కింద భారత ఫలకం రెండుగా చీలుతోంది. రెండూ కలిపి చూస్తే ములుగు అడవుల కిందే ఏదో కుంగుతోందన్న అనుమానం రావడం సహజమే. ఆ అనుమానం సరైనది కాదు. అయితే అది ఎందుకు సరికాదో, ములుగు కదలికకు ఎక్కడో మునుగుతున్న ఫలకాలతో ఉన్న అసలు సంబంధమేమిటో తెలియాలంటే, ఫలకం మాంటిల్‌లోకి దిగేటప్పుడు ఆ రెండింటి మధ్య జరిగే పెనుగులాటను మొదటి నుంచి చూడాలి.

ఓరుగల్లు కింద ఉన్న నేల

వరంగల్ కోటలోని ఏకశిల గుట్టను దగ్గరగా చూస్తే ఇక్కడి నేల స్వభావం సగం తెలిసిపోతుంది. అతుకు లేని ఒకే రాయి. పైపొర ఎండకూ వానకూ ఉల్లిపొరలా ఊడుతూ ఉంటుంది, లోపల మాత్రం గట్టి గ్రానైట్. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట కరిగిన శిల చల్లారి గట్టిపడగా ఏర్పడిన తూర్పు ధార్వార్ శిలాఖండంలో ఇదొక ముక్క. తూర్పుకు సాగి ములుగు దాటి భూపాలపల్లి వైపు వెళ్లే కొద్దీ గ్రానైట్ కనుమరుగై ఇసుకరాయి మొదలవుతుంది, దాని మధ్య బొగ్గు పొరలు వస్తాయి. బొగ్గు తీసే ఓపెన్‌కాస్ట్ గనుల్లో నల్లటి పొర ఒకచోట ఉన్నట్టుండి తెగి, పక్కనే కొంత కిందికి జారి మళ్లీ మొదలవుతుంది. ఆ తెగిన గీతే భ్రంశం. సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట, భారతదేశం గోండ్వానా మహాఖండంలో భాగంగా ఉన్న కాలంలో, ఈ నేల రెండు వైపులకూ సాగదీతకు గురై మధ్యలో కుంగడం మొదలైంది. అలా ఏర్పడిందే ప్రాణహిత–గోదావరి పగులులోయ. అది పూర్తిగా విడిపోయి సముద్రం కాకముందే ఆగిపోయింది. అంచుల్లోని పగుళ్లు మాత్రం శిలలో బలహీన గీతలుగా మిగిలిపోయాయి. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చిన భూకంపం, 2024లో ములుగులో వచ్చినదీ ఈ లోయ వెంబడే సంభవించాయి.

ఇక్కడి నుంచి అతి దగ్గరి ఫలకపు అంచు హిమాలయాలే. ఆ దూరం 1,000 కిలోమీటర్లకు పైమాట. మునిగే ఫలకం ఏదీ తెలంగాణ పటలాన్ని తాకడం లేదు.

ఫలకం ఎందుకు మునుగుతుంది

సముద్రగర్భంలోని పర్వతశ్రేణుల దగ్గర కొత్త ఫలకం పుడుతుంది. పుట్టినప్పుడు వేడిగా, పలుచగా, తేలికగా ఉంటుంది. శ్రేణికి దూరంగా జరిగే కొద్దీ సముద్రపు నీటికి వేడిని కోల్పోతూ చల్లబడుతుంది, అడుగున మాంటిల్ శిల దానికే అంటుకుని గట్టిపడుతుంది. ఎనిమిది, పది కోట్ల ఏళ్ల తర్వాత దాని మందం దాదాపు 100 కిలోమీటర్లకు చేరుతుంది. అప్పటికి అది కిందనున్న వేడి మాంటిల్ కన్నా సుమారు 1 నుంచి 2 శాతం ఎక్కువ సాంద్రత కలిగి ఉంటుంది. వినడానికి ఇది స్వల్పమే. కానీ వంద కిలోమీటర్ల మందం, వేల కిలోమీటర్ల పొడవు ఉన్న శిలకు ఆ స్వల్ప తేడాయే భూమి మీది ఫలకాలను లాగగలిగేంత బరువు.

దండెం మీద తడి దుప్పటి ఆరేసేటప్పుడు ఒకవైపు కాస్త ఎక్కువ వేలాడదీస్తే ఏమవుతుందో ఇంటింటా తెలిసిందే. వేలాడే కొస బరువు మిగతా దుప్పటిని లాగుతుంది. జారిన కొద్దీ ఆ కొస పెరుగుతుంది, పెరిగిన కొద్దీ లాగుడు పెరుగుతుంది. మాంటిల్‌లోకి వేలాడే ఫలకం విషయంలోనూ ఇదే జరుగుతుంది. పైగా ఇక్కడ ఫలకం దిగే కొద్దీ దాని పదార్థమే మారి మరింత బరువెక్కుతుంది. సముద్రపు అడుగున ఉండే బసాల్ట్ సుమారు 50 కిలోమీటర్ల లోతు దాటాక పీడనానికి ఎక్లోజైట్ అనే ఎర్రటి గార్నెట్ నిండిన శిలగా మారుతుంది. బసాల్ట్ సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 3 గ్రాములైతే, ఎక్లోజైట్‌ది సుమారు 3.5. చుట్టూ ఉన్న మాంటిల్‌ది 3.3 దగ్గర. అంటే పైన ఉన్నప్పుడు ఫలకానికి తేలిక ఇచ్చిన పొరే లోపలికి వెళ్లాక దానికి గుండుకట్టిన తాడు అవుతుంది.

ఖండాల సంగతి వేరు. ఏకశిల గ్రానైట్ సాంద్రత 2.7 మాత్రమే. అటువంటి శిలతో నిండిన ఖండపటలం మాంటిల్‌లో బెండులా తేలుతుంది. దాన్ని కిందికి లాగడం ఎంత కష్టమో హిమాలయాలు చూపిస్తున్నాయి. ఆ ప్రస్తావన తర్వాత వస్తుంది.

1975లో డొనాల్డ్ ఫోర్సిత్, సెయియా ఉయెదా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అన్ని ఫలకాల వేగాలనూ, వాటి అంచుల స్వభావాన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. అంచులో ఎక్కువ భాగం మునుగుతున్న ఫలకాలు వేగంగా కదులుతున్నాయి. పసిఫిక్ ఫలకం ఇందుకు ఉదాహరణ. మునిగే అంచు లేని యూరేషియా వంటివి నత్తనడకన కదులుతున్నాయి. ఫలకం విస్తీర్ణానికి, వేగానికి మాత్రం పొంతన కనిపించలేదు. మాంటిల్ ప్రవాహం ఫలకాన్ని అడుగు నుంచి మోస్తున్నదే ప్రధాన కారణమైతే, అడుగు వైశాల్యం ఎక్కువ ఉన్నది ఎక్కువ వేగంగా పోవాలి. అలా జరగడం లేదు.

పొయ్యి మీది గిన్నె పోలికతో వచ్చిన చిక్కు

ఆర్థర్ హోమ్స్ 1920ల చివర్లో మాంటిల్‌లో వేడి ప్రవాహాలు ఖండాలను కదిలిస్తాయని ప్రతిపాదించారు. ఆ కాలానికి అది గొప్ప ఊహ. దాని నుంచే పొయ్యి మీద ఉడికే గిన్నె బొమ్మ పాఠ్యపుస్తకాల్లోకి వచ్చింది: కింద మంట, పైకి లేచే వేడి, దాని మీద తేలుతూ పోయే ఫలకాలు. ఈ బొమ్మను ఇంకా యథాతథంగా పిల్లలకు నేర్పడం సరికాదు. గిన్నెకు వేడి మొత్తం కింది నుంచే వస్తుంది. మాంటిల్‌కు కొంత వేడి కింది కేంద్రమండలం నుంచి వచ్చినా, చాలా భాగం దాని శిలల్లోనే ఉన్న యురేనియం, థోరియం, పొటాషియం క్షీణించడం వల్లా, భూమి పుట్టినప్పటి వేడి తగ్గుతూ ఉండటం వల్లా వస్తుంది. ఇలా ఒంటినిండా వేడిగా ఉండి పై నుంచి చల్లారే పదార్థంలో ప్రవాహాన్ని ప్రధానంగా నడిపేది పైకి లేచే వేడి కాదు, కిందికి దిగే చలువ. ఫలకం ఆ ప్రవాహం మీద ఎక్కిన ప్రయాణికుడు కాదు. ప్రవాహపు పై పొర అదే. చల్లబడి మునిగేదీ అదే.

అయితే దీన్ని మరో కొసకు లాగి, మాంటిల్ ఏమీ చేయదని అనుకోవడం కూడా పొరపాటే. అసలు విషయం అక్కడి నుంచే మొదలవుతుంది.

గట్టి రాయి ఎలా ప్రవహిస్తుంది

మాంటిల్ కరిగిన ద్రవం కాదు, రాయి. భూకంప తరంగాల్లో ద్రవాల గుండా పోలేని ఎస్ తరంగాలు దాని గుండా నిరాటంకంగా పోతాయి. అయినా అది ప్రవహిస్తుంది. రోడ్డు పనులు ఆగినచోట పక్కన వదిలేసిన తారు పీపాను గమనించినవారికి ఇందులో వింత కనిపించదు. చలికాలం తెల్లవారుజామున ఆ తారు గడ్డ మీద సుత్తితో కొడితే గాజులా పెచ్చులు లేస్తుంది, అంచులు చేతికి కోసుకుంటాయి. అదే తారు ఏప్రిల్, మే ఎండలకు పీపా చిల్లులోంచి మెల్లగా కారి, చుట్టూ ఉన్న కంకరను తనలో కలుపుకుంటూ నేలమీద పల్చగా పరుచుకుంటుంది. దెబ్బ క్షణంలో పడితే అది రాయి. ఒత్తిడి నెలల పాటు ఉంటే అది ద్రవం. మాంటిల్‌కు నెలల స్థానంలో లక్షల ఏళ్లు కావాలి. దాని స్నిగ్ధత, అంటే పారకుండా అడ్డుకునే చిక్కదనం, నీటి స్నిగ్ధత కన్నా ఎంత ఎక్కువంటే, 1 పక్కన సుమారు 24 సున్నాలు పెట్టాలి.

అందువల్ల మునిగే ఫలకం బావిలో వేసిన రాయిలా పడిపోదు. దాని బరువును మాంటిల్ అడుగడుగునా అడ్డుకుంటుంది. బరువు, అడ్డు సమానమయ్యే చోట ఒక నిలకడైన వేగం కుదురుతుంది. పై మాంటిల్‌లో అది ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు, అంటే గోళ్లు పెరిగే వేగానికి ఒకటి రెండు రెట్లు. ఏడాదికి 7 సెంటీమీటర్ల చొప్పున దిగే ఫలకం 660 కిలోమీటర్ల లోతుకు చేరడానికి దాదాపు కోటి ఏళ్లు పడుతుంది. ఆ కోటి ఏళ్లలోనూ దాని నడిభాగం చుట్టూ ఉన్న మాంటిల్ కన్నా వందల డిగ్రీలు చల్లగానే ఉంటుంది, ఎందుకంటే వంద కిలోమీటర్ల మందమున్న రాయిలోకి వేడి పాకడానికి అంతకన్నా ఎక్కువ కాలం కావాలి. ఈ చలువే శాస్త్రవేత్తలకు దారి చూపిస్తోంది. చల్లని రాతిలో భూకంప తరంగాలు కాస్త వేగంగా పోతాయి. వేలాది భూకంపాల తరంగాలు వేర్వేరు కేంద్రాలకు చేరిన సమయాలను పోల్చి, ఆసుపత్రుల్లో సీటీ స్కాన్ తీసినట్టే భూమి లోపలి చిత్రాన్ని గీస్తారు. మునిగిన ఫలకాలు ఆ చిత్రాల్లో వాలుగా దిగిన పలకల్లా కనిపిస్తాయి.

గట్కలో తెడ్డు

మాంటిల్ ఎటు కదులుతుందో ఊహించడానికి పొయ్యి మీద ఉడుకుతున్న చిక్కటి మక్క గట్క చాలు. తెడ్డును వాలుగా పట్టి మెల్లగా లోపలికి దించితే దాన్ని ఆనుకుని ఉన్న గట్క దానితో పాటే కిందికి పోతుంది. ఆ ఖాళీని నింపడానికి వెనుక నుంచి గట్క తెడ్డు వైపు వస్తుంది. తెడ్డును అడ్డంగా వెనక్కి జరిపితే మాత్రం గట్క తెడ్డు రెండు అంచుల పక్క నుంచి చుట్టు తిరిగి ముందుకు వస్తుంది, అంచుల దగ్గర చిన్న సుడులు పడతాయి. మునిగే ఫలకం చుట్టూ ఈ రెండు రకాల ప్రవాహాలూ ఉంటాయి.

రెండోది ఎందుకు వస్తుందన్నది కొంచెం వివరించాలి. ఫలకం తాను వంగిన వాలు వెంబడే జారుతుందని సాధారణంగా అనుకుంటారు. కానీ బరువు లాగేది నిట్టనిలువుగా. అందువల్ల ఫలకం వాలుగా జారడంతో పాటు మొత్తంగా కిందికి కుంగుతుంది కూడా. ఆ కుంగుడుకు అది వంగే చోటు, అంటే సముద్రపు కందకం, మెల్లగా సముద్రం వైపు వెనక్కి జరుగుతుంది. ఫలకం కిందనున్న మాంటిల్ అడ్డుతగలకుండా తప్పుకోవాలి, అంచుల చుట్టూ తిరిగి పైభాగానికి రావాలి. ఫలకం వెడల్పు తక్కువైతే ఆ దారి దగ్గర, కందకం త్వరగా జరుగుతుంది. వెడల్పు వేల కిలోమీటర్లు ఉంటే మధ్యభాగంలో మాంటిల్ తప్పుకోలేక కందకం దాదాపు నిలిచిపోతుంది. మునిగే వేగాన్ని ఫలకం బరువు ఎంత నిర్ణయిస్తుందో, మాంటిల్‌కు తప్పుకునే దారి ఉందా లేదా అన్నదీ అంతే నిర్ణయిస్తుంది.

కందకం వెనక్కి జరిగితే పైనున్న ఫలకం సాగి, చిట్లి, దాని వెనుక కొత్త సముద్రపు అడుగు పుడుతుంది. పసిఫిక్‌లోని టోంగా దగ్గర ఇది అత్యంత వేగంగా జరుగుతోంది. అక్కడ ఉత్తర కొసలో రెండు ఫలకాలు ఏడాదికి 24 సెంటీమీటర్ల వేగంతో దగ్గరవుతున్నట్టు జీపీఎస్ కొలతలు చెప్పాయి. భూమి మీద ఇదే రికార్డు. భారతదేశానికి దగ్గరి ఉదాహరణ అండమాన్ సముద్రం. ఆ దీవులకు పడమర భారత ఫలకం దిగుతుంటే, తూర్పున సముద్రపు అడుగు సాగి విచ్చుకుంది.

నీరు చేసే పని

సముద్రం కింద కోట్ల ఏళ్లు గడిపిన ఫలకం పగుళ్లలో నీటిని, సర్పెంటైన్ వంటి ఖనిజాల అణుకట్టులో ఇమిడిన నీటిని వెంట తీసుకుపోతుంది. సుమారు 100 కిలోమీటర్ల లోతుకు వచ్చేసరికి పీడనానికీ వేడికీ అందులో చాలా భాగం విడుదలై పైనున్న మాంటిల్‌లోకి ఎక్కుతుంది. నీరు చేరిన రాయి కరిగే ఉష్ణోగ్రత వందల డిగ్రీలు పడిపోతుంది. దిగే ఫలకం చల్లనిదే అయినా దాని మీద అగ్నిపర్వతాలు పుట్టడానికి కారణం ఇదే: ఫలకం కరగదు, అది వదిలిన నీటికి మాంటిల్ కరుగుతుంది. 2022 జనవరి 15న బద్దలైన టోంగా అగ్నిపర్వతం, అండమాన్‌లోని బారెన్ దీవి అగ్నిపర్వతం ఈ కోవకే చెందుతాయి. 1991 నుంచి మళ్లీ మళ్లీ రేగుతున్న బారెన్ దీవి భారతదేశంలో చురుగ్గా ఉన్న ఒకే ఒక అగ్నిపర్వతం.

నీరంతా అక్కడే బయటపడదు. బ్రెజిల్‌లో దొరికిన ఒక వజ్రంలో రింగ్‌వుడైట్ అనే ఖనిజపు రేణువు చిక్కుకుని ఉన్నట్టు 2014లో తేలింది. ఆ ఖనిజం సుమారు 520 కిలోమీటర్ల లోతు దాటితేనే సహజంగా ఏర్పడుతుంది. దాని బరువులో ఒక శాతానికి పైగా నీరు ఉంది.

660 కిలోమీటర్ల దగ్గరి గడప

మాంటిల్‌లో ప్రధాన ఖనిజం ఆకుపచ్చని ఆలివిన్. పీడనం పెరిగే కొద్దీ దాని స్ఫటిక నిర్మాణం సర్దుకుంటుంది. 410 కిలోమీటర్ల దగ్గర ఒకసారి, 660 దగ్గర మరోసారి పెద్ద మార్పు వస్తుంది. ఆసక్తికరమైన విషయం ఏమంటే, చల్లని ఫలకంలో ఈ రెండు మార్పులూ ఎదురెదురు దిశల్లో పనిచేస్తాయి. 410 దగ్గరి మార్పు చలువ వల్ల ముందే, తక్కువ లోతులోనే జరిగిపోతుంది. అంటే చుట్టూ ఉన్న మాంటిల్ ఇంకా తేలికగా ఉండగానే ఫలకం బరువెక్కి వేగం పుంజుకుంటుంది. 660 దగ్గరి మార్పు చలువ వల్ల ఆలస్యమవుతుంది. చుట్టూ ఉన్న మాంటిల్ బరువైన రూపంలోకి మారిపోయినా ఫలకం ఇంకా తేలికైన పాత రూపంలోనే ఉండి పైకి తేలే ప్రయత్నం చేస్తుంది. దీనికి తోడు ఆ గడప దాటాక మాంటిల్ స్నిగ్ధత పదుల రెట్లు పెరుగుతుంది. పరుగున వచ్చినవాడు బురదలో దిగినట్టు ఫలకం అక్కడ తడబడుతుంది.

తర్వాతి నడక చోటును బట్టి మారుతుంది. జపాన్ దగ్గర దిగిన పసిఫిక్ ఫలకం ఆ గడప మీద వాలిపోయి, ఈశాన్య చైనా కింద వెయ్యి కిలోమీటర్లకు పైగా బల్లపరుపుగా పడుకుని ఉంది. కందకం వెనక్కి జరుగుతూ పోవడంతో ఫలకం ఒకేచోట గుచ్చుకోకుండా దుప్పటిలా పరుచుకుంది. ఉత్తర అమెరికా కింద ఫారలాన్ అనే పాత ఫలకం మాత్రం గడప దాటి కింది మాంటిల్‌లోకి లోతుగా దిగింది. మాంటిల్ పైభాగం, కిందిభాగం వేర్వేరుగా తిరుగుతాయా, ఒకటిగా కలుస్తాయా అన్న వాదన దశాబ్దాల పాటు సాగింది. కొన్ని ఫలకాలు ఆగుతాయని, చాలావరకు చివరికి దిగుతాయని ఈ చిత్రాలు తేల్చడంతో ఆ వాదన చల్లబడింది.

లోతైన భూకంపాలు కూడా ఈ గడపతోనే ఆగిపోతాయి. సాధారణంగా 70 కిలోమీటర్ల కింద శిల విరగదు, సాగుతుంది. అయినా 2013 మే 24న రష్యాకు తూర్పున ఒఖోత్స్క్ సముద్రం కింద 609 కిలోమీటర్ల లోతున 8.3 తీవ్రతతో భూకంపం వచ్చి, మాస్కోలో సైతం తెలిసింది. అంత లోతున విరిగేది మాంటిల్ కాదు, అందులోకి దిగిన చల్లని ఫలకం. కొంత లోతు వరకు ఖనిజాల నుంచి విడుదలయ్యే నీరు, ఇంకా కింద చలువకు పాత రూపంలోనే మిగిలిన ఆలివిన్ ఒక్కసారిగా రూపం మార్చుకోవడం ఇందుకు కారణాలుగా భావిస్తున్నారు. సుమారు 700 కిలోమీటర్ల కింద భూకంపాలు ఉండవు. జపాన్ శాస్త్రవేత్త కియో వదాతి సుమారు వందేళ్ల కిందట ఈ లోతైన భూకంపాలు ఒక వాలుతలం మీద వరుసగా అమరుతాయని గుర్తించారు. ఫలకాల సిద్ధాంతం పుట్టడానికి ఎన్నో ఏళ్ల ముందే మునిగే ఫలకం రూపురేఖ కాగితం మీదికి వచ్చింది.

మునగనని మొండికేసిన ఖండం

భారత ఫలకం ముందుభాగంలో ఒకప్పుడు టెథిస్ మహాసముద్రపు అడుగు ఉండేది. అది ఆసియా కిందికి దిగుతూ వెనుకనున్న ఖండాన్ని లాగింది. సుమారు 6.5 కోట్ల ఏళ్ల కిందట, ఆదిలాబాద్‌లోని నల్లరేగడి నేలలకు తల్లిరాయి అయిన దక్కన్ లావా పారిన కాలానికి అటూఇటూగా, భారతదేశం ఏడాదికి 15 సెంటీమీటర్లకు మించిన వేగంతో ఉత్తరానికి సాగింది. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట ఖండం ఆసియాను ఢీకొనగానే బెండు స్వభావం బయటపడింది. తేలికైన పటలం దిగలేకపోయింది, వేగం ఏడాదికి 5 సెంటీమీటర్లకు పడిపోయింది, ముందు వేలాడుతున్న బరువైన సముద్రపు ఫలకం తెగి విడిపోయింది.

అలా తెగడం ఎలా ఉంటుందో ఇప్పటికీ చూపే చోటు అఫ్ఘానిస్తాన్‌లోని హిందూకుష్. అక్కడ నిలువుగా వేలాడుతున్న ఫలకపు ముక్క సన్నని మెడలా సాగుతోంది. 2015 అక్టోబర్ 26న సుమారు 210 కిలోమీటర్ల లోతున వచ్చిన 7.5 తీవ్రత భూకంపం ఆ మెడ ప్రాంతంలోనే పుట్టింది. 2024 ప్రారంభంలో ప్రచారమైన చీలిక వార్త కూడా ఈ కుటుంబంలోదే. టిబెట్ వేడినీటి ఊటల్లో మాంటిల్ నుంచి వచ్చే రకం హీలియం ఎక్కడెక్కడ ఉందో, భూకంప తరంగాలు ఏం చూపుతున్నాయో పరిశీలించిన పరిశోధకులు, టిబెట్ కిందికి చేరిన భారత ఫలకంలో బరువైన కింది పొర పై పొర నుంచి ఊడి దిగుతూ ఉండవచ్చని సూచించారు. అరటిబోదెకు పొర ఊడినట్టుగా ఊహించుకోవచ్చు. అది దేశం రెండు ముక్కలు కావడం కాదు. దక్షిణాన వేల ఏళ్లలోనైనా దాని వల్ల నేల చీలదు.

ఇక్కడొక న్యాయమైన ప్రశ్న మిగులుతుంది. లాగే బరువు తెగిపోతే, 5 కోట్ల ఏళ్ల తర్వాత కూడా భారతదేశం ఎందుకు కదులుతోంది? తూర్పున సుమత్రా, జావాల దగ్గర అదే ఫలకపు సముద్రభాగమూ, దానికి ఆనుకున్న ఆస్ట్రేలియా ఫలకమూ ఇంకా దిగుతున్నాయి. దక్షిణాన హిందూ మహాసముద్రపు శ్రేణులు నెడుతున్నాయి. వీటితో పాటు, తెగి మునిగిపోతున్న టెథిస్ ముక్కలు తమ వెంట మాంటిల్‌ను కిందికి లాగుతుంటే, ఆ ఖాళీ వైపు సాగే ప్రవాహం ఫలకాన్ని అడుగు నుంచి ఈడుస్తోందన్న వాదనకు బలముంది. అంటే ఫలకమే కదిలించిన మాంటిల్, తిరిగి ఫలకాన్ని కదిలిస్తోంది. హోమ్స్ ఊహలోని నిజం ఈ విధంగా నిలబడుతుంది.

దక్కన్ కింద మునిగిన సముద్రం

టెథిస్ ముక్కలు ఎక్కడికి పోయాయి? 1999లో డచ్ పరిశోధకుల బృందం తరంగ చిత్రాల్లో భారతదేశం కింద, 1,000 కిలోమీటర్లకు మించిన లోతుల్లో, అటువంటి చల్లని పలకలను గుర్తించింది. అవి దిగింది అప్పటి ఆసియా అంచున. అవి నిలువుగా కుంగుతుంటే భారతదేశం వాటి మీదుగా దాటి ఉత్తరానికి వచ్చింది. ఒకప్పుడు భారతదేశానికి ఎదురుగా ఉన్న సముద్రపు అడుగు ఇప్పుడు దాని పాదాల కింద ఉంది. కింది మాంటిల్‌లో వాటి వేగం ఏడాదికి ఒక సెంటీమీటరు చిల్లర. ఈ లెక్కన ఒక ఫలకం పైనుంచి 2,900 కిలోమీటర్ల లోతున కేంద్రమండలం అంచుకు చేరడానికి దాదాపు 20 కోట్ల ఏళ్లు పడుతుంది.

అడుక్కు చేరిన ఫలకాలు కూడా ఊరికే పడి ఉండవు. ఆఫ్రికా కింద మాంటిల్ అడుగున ఒక భారీ వేడి రాశి ఉంది. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన దేబంజన్ పాల్, అత్రేయీ ఘోష్ 2023లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, దిగివచ్చిన టెథిస్ ముక్కలు ఆ రాశి అంచును కదిలించి, అక్కడి నుంచి వేడి, తేలికైన పదార్థం హిందూ మహాసముద్రం కిందికి లేచేలా చేశాయి. శ్రీలంకకు దక్షిణాన గురుత్వాకర్షణ తక్కువగా ఉండి, సముద్రమట్టం ఉండవలసిన దానికన్నా 106 మీటర్లు దిగువన ఉండటానికి ఆ తేలికైన పదార్థమే కారణమని వారి గణనలు చెబుతున్నాయి. ఎప్పుడో మునిగిపోయిన సముద్రం నేటి సముద్రపు మట్టాన్ని నిర్ణయిస్తోంది.

మళ్లీ గోదావరి లోయకు

దండెం మీది దుప్పటిని ఒక కొస లాగుతూ, మరోచోట మేకు పట్టుకుని ఉంటే, మధ్యలో ఎక్కడ పాత కుట్టు ఉందో అక్కడ అది బిగుస్తుంది. భారత ఫలకం పరిస్థితి ఇదే. తూర్పు అంచున బరువు లాగుతోంది, దక్షిణాన శ్రేణులు నెడుతున్నాయి, ఉత్తరాన హిమాలయాలు ఆపుతున్నాయి. ఈ బలాలు వేల కిలోమీటర్ల గట్టి శిల గుండా ప్రయాణించి, దాని లోపల ఉత్తర–ఈశాన్య దిశలో నొక్కే ఒత్తిడిగా నిలుస్తాయి. వరంగల్ గ్రానైట్ వంటి అతుకులేని శిల దాన్ని భరిస్తుంది. గోదావరి లోయ వంటి పాత పగుళ్లున్న చోట అది అప్పుడప్పుడు జారుతుంది. 1993 సెప్టెంబర్ 30న మరాఠ్వాడాలోని కిల్లారి దగ్గర 6.2 తీవ్రతతో వచ్చి వేలమందిని బలిగొన్న భూకంపం కూడా ఇలా ఫలకపు నడిబొడ్డున వచ్చినదే.

ఈ తేడాకు ఆచరణలో విలువ ఉంది. ఫలకపు అంచున ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల కదలిక పోగవుతుంది, పెద్ద భూకంపాలు తరచుగా వస్తాయి. ఫలకం లోపల పోగయ్యేది అత్యల్పం, వ్యవధి చాలా ఎక్కువ. అందుకే ములుగు భూకంపం తర్వాత సుమత్రా తరహా విపత్తును ఊహించుకోవలసిన అవసరం లేదు. అలాగని ముప్పు లేదనడం కూడా తప్పే. 2002 నాటి భూకంప మండలాల పటంలో తెలంగాణలో అధిక భాగం రెండో మండలంలో ఉండగా, గోదావరి లోయ వెంబడి ప్రాంతం మూడో మండలంలో ఉంది. ఏటూరునాగారం, మణుగూరు, భద్రాచలం వైపు కట్టే బడులూ ఆసుపత్రులూ వరంగల్ కన్నా ఎక్కువ కదలికను తట్టుకునేలా ఉండాలన్నది దాని అర్థం. కిల్లారిలో ఎక్కువ ప్రాణాలు తీసింది మట్టిలో పేర్చిన బరువైన రాతిగోడలు కూలడమే కనుక, ఈ జాగ్రత్త గోడల దగ్గరే మొదలవ్వాలి.

భద్రాచలం భూకంపానికీ ములుగు భూకంపానికీ మధ్య 55 ఏళ్లు గడిచాయి. ఏడాదికి 5 సెంటీమీటర్ల చొప్పున ఆ కాలంలో వరంగల్ కోటలోని కీర్తితోరణాలతో సహా ఈ నేలంతా ఈశాన్యంగా రెండున్నర మీటర్లకు పైగా జరిగింది. దాని కింద, వెయ్యి కిలోమీటర్లకు మించిన లోతున, టెథిస్ ముక్కలు అదే 55 ఏళ్లలో అర మీటరుకు కాస్త ఎక్కువగా దిగి ఉంటాయి.